బూడిద సిమెంటు మీద అనుమానం: మేస్త్రీ చెప్పేది ఎంత నిజం?

స్లాబు పోసే రెండు రోజుల ముందు నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ ఎక్కడైనా సిమెంటు షాపు ముందర కాసేపు నిలబడితే ఒకటే పంచాయితీ వినబడ్తది. ఇంటాయన ధర అడుగుతడు, షాపాయన పీపీసీ, అంటే బొగ్గు బూడిద కలిపిన సిమెంటు, తీస్కపొమ్మంటడు, పక్కన ఉన్న మేస్త్రీ మాత్రం "వద్దన్నా, అండ్ల బూడిద కలుపుతరు, గోడలకు ప్లాస్టింగ్‌కు ఏమన్న వాడుకో గాని స్లాబుకు 53 గ్రేడే తే" అంటడు. ఇంటాయన భయపడి బస్తాకు ఇంకొన్ని పైసలు ఎక్కువ పెట్టి 53 గ్రేడ్ తెచ్చుకుంటడు. అసలు తెలుగులో బూడిద అన్న మాటకే విలువ లేదు కదా, బూడిదలో పోసిన పన్నీరు అంటం, ఉన్నదంత బూడిదపాలైంది అంటం, ఒకప్పుడు అంట్లు తోమడానికి తప్ప దాన్ని ఎవరూ దాచిపెట్టుకోలే, అసొంటిది మన పైసలతో కొన్న బస్తాలో 15 కిలోలు ఉందంటే మోసం జరిగినట్టే అనిపిస్తది.

ఆ మేస్త్రీ అనుమానంలో సగం తప్పు ఉంది, సగం అనుభవం ఉంది. తప్పు ఉన్నది సిమెంటు ఎట్ల గట్టిపడ్తదో అన్న దగ్గర, అనుభవం ఉన్నది సైటు మీద ఏం జరుగుతదో అన్న దగ్గర. ఈ రెండిటినీ విడదీసి చూడకపోతే ఫ్యాక్టరీల నుంచి, కరెంటు ప్లాంట్ల నుంచి, మిల్లుల నుంచి వచ్చే వేస్టేజీని ఇళ్ల కట్టుబడిలో వాడాలె అని ఎంత చెప్పినా ఎవరూ వినరు, వినకపోవడంలో వాళ్ల తప్పు కూడా లేదు.

ముందు బస్తాలో ఏముందో చూద్దాం. సున్నపురాయిని, కొంత మట్టిని కలిపి 1450 డిగ్రీల దాకా కాలిస్తే గోలీల్లెక్క నల్లటి గడ్డలు వస్తయి, అదే క్లింకర్, దానికి కొంచెం జిప్సం కలిపి మెత్తగ పొడి కొడితే మామూలు సిమెంటు, అంటే ఓపీసీ, మేస్త్రీ అడిగే 53 గ్రేడ్ ఇదే రకం. నీళ్లు తగిలినప్పుడు ఈ క్లింకర్ నుంచి రెండు పదార్థాలు పుడ్తయి. ఒకటి కంకరనీ ఇసుకనీ పట్టి ఉంచే అసలైన జిగురు. రెండోది సున్నం, కాల్షియం హైడ్రాక్సైడ్ అంటరు. ఈ సున్నం కాంక్రీటుకు పెద్దగ బలం ఏమీ ఇయ్యదు, ఇనుము తుప్పు పట్టకుండ కాపాడే గుణం ఉంది గాని నీళ్లలో మెల్లగ కరిగి బయటికి వస్తది కూడా, కారే స్లాబు కింద తెల్లగ పేరుకొని కొన్నిసార్లు సన్న పుల్లల్లెక్క వేలాడేది అదే. ఇప్పుడు దీంట్లో బొగ్గు బూడిద కలిసిందనుకోండి, బొగ్గులో ఉన్న మట్టి కొలిమి వేడికి కరిగి ఒక్కసారిగ చల్లారేసరికి కంటికి కనబడనంత చిన్న గాజు గుండ్లయి ఉంటది, ఆ గాజులో ఉన్న సిలికా వచ్చి ఈ పనికిరాని సున్నాన్ని పట్టుకొని మళ్ల అదే జిగురుని తయారు చేస్తది. అంటే బూడిద అక్కడ ఊరికే బరువు కోసం కూసోలేదు, మిగిలిపోయిన సున్నంతో రెండో విడత పని చేపిస్తున్నది. దాని వల్ల లోపలి సందులు మూసుకుపోయి నీళ్లు దూరుడు తగ్గుతది.

ఇది మన పెద్దోళ్లకు తెల్వని సంగతేం కాదు. పాత గడీలు, కోటలు, బావులు కట్టినప్పుడు డంగు సున్నంలో ఇటుక పొడి కలిపేటోళ్లు, దాన్నే సుర్కీ అనేటోళ్లు, నీళ్లు తగిలే చోట అది లేకుంటే సున్నం ఆగేది కాదు. కాల్చిన మట్టిలో ఉన్న సిలికా సున్నంతో కలవడం అన్న పని అప్పుడు సుర్కీ చేసింది, ఇప్పుడు ఫ్లైయాష్, అంటే ఈ బొగ్గు బూడిద, చేస్తున్నది.

ఇంకో లెక్క కూడా ఉంది, అది మన కరెంటు బిల్లుతోనే మొదలైతది. బొగ్గు ప్లాంటులో ఒక యూనిట్ కరెంటు పుట్టాలంటే సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలాలె, మన దేశపు బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిదే ఉంటది కాబట్టి మోటుగ లెక్కేస్తే యూనిట్‌కు పావుకిలో బూడిద. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇల్లు, ఆ కరెంటు అంత బొగ్గుదే అనుకుంటే, నెలకు 50 కిలోల బూడిద పుట్టిస్తున్నట్టు, సరిగ్గ ఒక సిమెంటు బస్తా బరువు. అది ఎక్కడో ఒక చోట ఉండాలె కదా. అటు సిమెంటు వైపు చూస్తే, సున్నపురాయిలోని 100 కిలోల కాల్షియం కార్బొనేట్ అంత కాలినప్పుడు 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గ గాలిలోకి పోతది, పొయ్యిలో బొగ్గు పెట్టినా ఇంకేది పెట్టినా ఈ 44 కిలోలు ఆగవు ఎందుకంటే అది రాయి లోపల్నుంచే వస్తది. అందుకే బస్తాలో క్లింకర్ తగ్గించడం ఒక్కటే దానికి పెద్ద దారి. 1000 చదరపు అడుగుల ఇంటికి 400 బస్తాల దాకా పడ్తయి అనుకుంటే, 30 శాతం బూడిద ఉన్న పీపీసీ వాడిన ఆ ఒక్క ఇంట్లో 6 టన్నుల బూడిద ఇమిడిపోతది, అంత క్లింకర్ కాల్చే పని తప్పుతది.

ఈ లెక్క దక్షిణ తెలంగాణకు ఎందుకు ముఖ్యం అంటే ఇక్కడ అన్నీ పక్కపక్కనే ఉన్నయి. నర్జి సున్నపురాయి పొర ఉండబట్టి హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు నుంచి దామరచర్ల మండలం విష్ణుపురం, గణేశ్‌పహాడ్ దాకా సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చినయి. అదే దామరచర్ల మండలంలో వీర్లపాలెం దగ్గర 5 యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు, మొత్తం 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు వచ్చింది, 2015లో శంకుస్థాపన అయింది. అక్కడ్నుంచి గంట ప్రయాణం లోపే మిర్యాలగూడ, వందకు పైగా రైస్ మిల్లులు ఉన్న ఊరు. అటు పాలమూరు వైపు పోతే మక్తల్, నారాయణపేట వాళ్లకు కృష్ణా నది దాటంగనే శక్తినగర్‌లో 1720 మెగావాట్ల రాయచూరు థర్మల్ ప్లాంటు. బూడిద కోసం ఎక్కడో వెతుక్కునే అవసరం ఈ జిల్లాలకు లేదు.

మరి సమస్య ఎక్కడ వస్తది? మొదటిది, బూడిద అంటే అంత ఒకటే అనుకునుడు. థర్మల్ ప్లాంటులో పొగ గొట్టం దాకా పోకుండ కరెంటు పలకలతో పట్టే పొడి బూడిద వేరు, బాయిలర్ అడుగున పడే మొద్దు బూడిద వేరు, ఈ రెండూ నీళ్లతో కలిపి చెరువులోకి తోలి ఆరబెట్టిన పాండ్ యాష్ వేరు. సిమెంటులో కలపడానికి కావాల్సింది మొదటిది. ఐఎస్ 3812 అనే భారత ప్రమాణాల కోడ్ ప్రకారం దాని మెత్తదనం కిలోకు 320 చదరపు మీటర్లకు తగ్గొద్దు, కాలకుండ మిగిలిన కార్బన్ 5 శాతం దాటొద్దు. పాండ్ యాష్ ఇటుకలకో, రోడ్డు కట్టలకో పనికొస్తది గాని దాన్ని తెచ్చి ఫ్లైయాష్ అని కాంక్రీటులో కలిపితే అది అచ్చంగ మేస్త్రీ భయపడే కల్తీయే. పీపీసీలో బూడిద 15 నుంచి 35 శాతం మధ్యన ఉండాలె అని ఐఎస్ 1489 చెప్తది, ఫ్యాక్టరీ ఆ లోపలే కలిపి, పొడి కొట్టి, టెస్ట్ చేసి పంపుతది. ఆ బస్తా సైటుకు వచ్చినంక ఎవరో చవకగ దొరికిందని ఇంకో రెండు గంపల బూడిద కలిపితే లెక్క మొత్తం పోతది. కలపాలంటే ఓపీసీ తీస్కొని, మిక్స్ డిజైన్, అంటే ఏది ఎంత కలపాలో ముందే లెక్క, చేపించి కలపాలె, రెడీమిక్స్ ప్లాంట్లు చేసేది అదే.

రెండోది, అసలైనది, టైము. బూడిద చేసే పని రెండో విడత పని అని పైన చెప్పుకున్నం, ముందు క్లింకర్ సున్నం పుట్టియ్యాలె, తర్వాత బూడిద దాన్ని అందుకోవాలె, దానికి వారాలు పడ్తది. కాగితం మీద చూస్తే కూడా 28 రోజులకు పీపీసీ నుంచి కోడ్ అడిగే బలం 33 మెగాపాస్కల్ (ఒత్తిడిని తట్టుకునే బలానికి కొలత), 53 గ్రేడ్ ఓపీసీ నుంచి 53. కాబట్టి మేస్త్రీ "మెల్లగ పడ్తదన్నా" అంటే అబద్ధం చెప్తలేడు. ఓపీసీ తన బలంలో చాలా భాగం మొదటి నెలలోనే చూపిస్తది, బూడిద సిమెంటు మూడు నెలల దాకా పెరుగుతనే ఉంటది, చివరికి నీళ్లు పట్టకపోవడంలో, వేడి తక్కువ పుట్టడం వల్ల పగుళ్లు తగ్గడంలో అదే మెరుగు, కాని ఆ మూడు నెలలు పెరగాలంటే లోపల తడి ఉండాలె. తడి లేకుంటే ఆ రెండో విడత పని ఆగిపోతది, బూడిద అప్పుడు నిజంగనే ఊరికే బరువు.

ఇక్కడ మన ఎండలు గుర్తుకు తెచ్చుకోవాలె. పెళ్లిళ్లు, ఇండ్ల కట్టుబడి అన్నీ ఎండకాలంలోనే, నల్గొండలో ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీలు మామూలు, పొద్దున పోసిన స్లాబు మధ్యాహ్నానికల్ల పైన తెల్లగ ఆరిపోతది. బోరు సన్నగ పోస్తది, ట్యాంకర్‌కు పైసలు పెట్టాలె, మూడు నాలుగు రోజులు మడులు కట్టి నీళ్లు నింపి తర్వాత పొద్దుగాల పొద్దుమీకి పైపుతో చల్లి వదిలేస్తరు. ఐఎస్ 456 ఏమంటదంటే ఓపీసీకైతే కనీసం 7 రోజులు తడిగ ఉంచాలె, పీపీసీ అసొంటి కలిపిన సిమెంట్లకు, వేడిగ పొడిగ ఉండే చోట కనీసం 10 రోజులు, కలిపిన సిమెంటుకు ఆ గడువుని 14 రోజుల దాకా పొడిగిస్తే మంచిది అంటది. అంటే మే నెలలో పీపీసీతో పోసిన స్లాబుకు 14 రోజులు అనేది చాదస్తం కాదు, ఆ సిమెంటు ధరలో అది ఒక భాగం. సెంట్రింగ్ సంగతి కూడా అట్లనే, స్లాబు కింద పోట్లు నాలుగున్నర మీటర్ల లోపు స్పాన్‌కు, అంటే ఆధారానికి ఆధారానికి మధ్య దూరానికి, 7 రోజులు ఉంచాలె, అంతకంటె ఎక్కువకు 14 రోజులు అని అదే కోడ్‌లో ఉన్న లెక్క ఓపీసీకి రాసింది, పీపీసీకి ఇంకొన్ని రోజులు ఆగాలె, కాని సెంట్రింగ్ కిరాయి రోజుల లెక్కన నడుస్తది కాబట్టి ఎవరూ ఆగరు. స్లాబు కిందికి జారినా, పర్రెలిచ్చినా నింద బూడిద మీద పడ్తది. గోనె సంచులు పరిచి తడిపితే నీళ్లు తక్కువ పడ్తయి, ఇంత చిన్న సంగతి మీద ఇంత పెద్ద అపనమ్మకం నిలబడి ఉండడం బాధాకరం.

పునాదులకైతే వాదన ఇంకా తేలిక. పెద్ద ఫుటింగుల్లో వేడి తక్కువ పుట్టడం లాభం, తొందర ఉండదు, నేల తడి దానికదే క్యూరింగ్, అంటే తడిపి ఉంచే పని, చేస్తది. స్టీలు ప్లాంట్ల స్లాగ్, అంటే ఇనుము తీసినంక మిగిలే చిట్టెం, కలిపిన సిమెంటు కూడా ఇక్కడ బాగుంటది, కరిగిన స్లాగ్ మీద నీళ్లు కొట్టి ఒక్కసారిగ చల్లార్చి మెత్తగ నూరింది అది, ఐఎస్ 455 ప్రకారం 25 నుంచి 70 శాతం దాకా కలపొచ్చు, విశాఖ నుంచి గాని, బళ్లారి పక్కన తోరణగల్లు నుంచి గాని రావాలె కాబట్టి మన దగ్గర అంత వాడకం లేదు.

బూడిద ఇటుకల కథ వేరే. ఎర్ర ఇటుకకు చెరువు మట్టి, పొలం మీది మట్టి పోతది, బట్టీలో కట్టె, ఊక, బొగ్గు కాలుతది, బూడిద ఇటుకకు ఇవేవీ అక్కర్లేదు, ప్రెస్ కొట్టి నీళ్లు పెడితే చాలు. ఫ్లైయాష్, సున్నం, జిప్సం కలిపి చేసే ఫాల్-జి పద్ధతిని తయారు చేసింది కూడా మన తెలుగు నేల మీదే, విశాఖపట్నంలో భానుమతిదాస్, కాళిదాస్ గార్లు. ఇప్పుడు చాలా యూనిట్లు సున్నం బదులు కొంచెం సిమెంటు, ఇసుక బదులు క్రషర్ డస్టు వేస్తున్నయి. అయితే ఇక్కడ మోసం జరిగే వీలు సిమెంటు బస్తా కంటె చాలా ఎక్కువ, ఎందుకంటే సిమెంటు తగ్గించినా కంటికి కనబడదు, రెండు వారాలు తడపాల్సింది నాలుగు రోజులు తడిపి లోడ్ ఎక్కించినా ఇటుక ఇటుకలాగనే ఉంటది. పచ్చి ఇటుకతో కట్టిన గోడ తర్వాత ఆరుకుంట కుంచించుకపోయి ప్లాస్టింగ్ మీద జిగ్‌జాగ్ పగుళ్లు ఇస్తది. లోడ్ దించుకునే ముందు చేసుకునే పనులు కష్టమైనవేం కావు, రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే ఖంగుమని మోగాలె, గోరుతో గీకితే పొడి రాలొద్దు, ఎండిన ఇటుకను తూకం వేసి ఒక రోజంత నీళ్లలో నానబెట్టి మళ్ల తూకం వేస్తే 20 శాతం కంటె ఎక్కువ పెరగొద్దు, మూడు కిలోల ఇటుక 3.6 కిలోలు దాటితే ఆ లోడ్ వాపస్ పంపొచ్చు.

క్రషర్ డస్టు గురించి రెండు మాటలు. కృష్ణా, డిండి, మూసీ ఇసుక దొరకని చోట కంకర మిషిన్ నుంచి వచ్చే పొడే దిక్కయింది, కడిగి జల్లెడ పట్టి గింజ సరిచేసిన రోబో సాండ్ మంచిదే, కుప్ప నుంచి ఎత్తిన డస్టు మాత్రం దుమ్ము ఎక్కువై నీళ్లు తాగుతది, మేస్త్రీ ఇంకా నీళ్లు పోస్తడు, బలం పోతది. తాండూరు దిక్కు నాపరాళ్లు కోసి పాలిష్ పెట్టే మిషన్ల కింద పేరుకునే తెల్ల బురద సున్నపురాయి పొడే, కాల్చిన చైనా క్లే, క్లింకర్‌తో కలిపి చేసే కొత్త రకం ఎల్‌సీ3 సిమెంటుకు 2023లో ఐఎస్ 18189 అన్న కోడ్ వచ్చింది, దాంట్లో సున్నపురాయి పొడికి జాగా ఉంది, ఆ బురదకు రేపు విలువ రావొచ్చు. రోడ్డు వెడల్పులో కూలగొట్టిన ఇండ్ల కాంక్రీటుని కూడా కంకరగ వాడుకోవచ్చని 2016 నాటి ఐఎస్ 383 ఒప్పుకుంది, ఇనుము ఉన్న కాంక్రీటులో 20 శాతం దాకా, అదీ ఎం25, అంటే 28 రోజులకు 25 మెగాపాస్కల్ బలం ఉండే కాంక్రీటు, వరకే.

ఇంకో మాట నల్గొండ వాళ్లకు ప్రత్యేకంగ చెప్పాలె, నీళ్లలో కంటికి కనబడనిది ఎముకలను ఏం చేస్తదో ఈ జిల్లాకు తెలిసినంత ఇంకెవరికీ తెల్వదు, పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంత నల్గొండ టెక్నిక్ అనే పేరు. బొగ్గు బూడిదలో కూడా ఆర్సెనిక్, బోరాన్ అసొంటివి కొద్ది కొద్దిగ ఉంటయి. గట్టిపడ్డ కాంక్రీటులోనో ఇటుకలోనో అవి చాలావరకు బందీ అయితయి, అదే బూడిద చెరువులోనో, గుంతలు పూడ్చిన చోటనో ఉంటే ప్రతి వానకు కొంచెం కొంచెం కింది నీళ్లలోకి దిగుతయి. బూడిద మొత్తం వాడాల్సిందే అని 1999 నుంచి కేంద్రం నోటిఫికేషన్లు ఇస్తున్నది, 2021 డిసెంబర్ 31న వచ్చినదాంట్లో వాడకుండ మిగిల్చిన బూడిదకు టన్నుకు 1000 రూపాయల జరిమానా కూడా పెట్టిన్రు, కాని పల్లపు భూములు నింపినా, సిమెంటులో కలిపినా రెండూ వాడకం కిందనే లెక్క. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టడం సరి కాదు. ఒక టన్ను బూడిద పీపీసీలోకి పోతే ఒక టన్ను క్లింకర్ తప్పింది, బోరుకు ముప్పు కూడా తప్పింది, గుంతలో పడితే జాగా మారింది అంతే. చౌటుప్పల్, జడ్చర్ల వైపు ఫార్మా కంపెనీల వేస్టేజీని సిమెంటు కొలిముల్లో కాల్చడం కూడా వేస్టేజీ వాడకం పేరుతోనే నడుస్తది గాని అది పూర్తిగ వేరే సంగతి, అక్కడ చూడాల్సింది బలం కాదు పొగ గొట్టం.

ఇక మిర్యాలగూడ ఊక బూడిద. నిజానికి ఈ మొత్తం లెక్కలో అన్నిటికంటె విలువైన బూడిద ఇదే, కాని కాంక్రీటులో దీని వాడకం చాలా తక్కువ. వడ్ల బరువులో ఐదో వంతు ఊక, ఊక కాలితే దాంట్లో ఐదో వంతు బూడిద, అంటే 100 టన్నుల వడ్లు మర పట్టి, వచ్చిన ఊకంత బాయిలర్‌లో కాలిస్తే 4 టన్నుల బూడిద. సరిగ్గ కాలిన ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికానే ఉంటది, బొగ్గు బూడిదలో అంత ఉండదు, వరి మొక్క నేల నుంచి లాక్కొని తన పొట్టులో దాచుకున్న సిలికా అది. దాన్ని 700 డిగ్రీల లోపు కాలిస్తే సిలికా గాజులాగ ఉండి సున్నంతో చురుకుగ కలుస్తది, ఎక్కువ వేడిలో చానసేపు ఉంటే గట్టి స్ఫటికమై కూసుంటది, ఇసుక వేసినట్టే లెక్క. బాయిల్డ్ రైస్ మిల్లు బాయిలర్‌కు కావాల్సింది ఆవిరి, బూడిద నాణ్యత కాదు, కాబట్టి ఒక మూల సగం కాలి నల్లగ, ఇంకో మూల ఎక్కువ కాలి వస్తది. ఆ నల్లదనం కార్బన్, అది కాంక్రీటులో నీళ్లు తాగుతది. అట్ల వచ్చిన బూడిద మిల్లుల వెనక కుప్పలై, గాలికి లేచి పక్క ఇండ్ల మీద, ఆరేసిన బట్టల మీద పడ్తది.

దీన్ని సిమెంటు దాకా తీస్కపోవాలంటే కావాల్సినవి మూడు: వేడి అదుపులో ఉండే పొయ్యి, నూరే బాల్ మిల్లు, ప్రతి లాట్‌కు కార్బన్ ఎంత మిగిలిందో చెప్పే టెస్ట్. ఒక్కో మిల్లు విడిగ పెట్టుకోలేని ఖర్చు, పది మిల్లులు కలిస్తే మోసేదే. ఊర్లోనే రెడీమిక్స్ ప్లాంట్లు, పేవర్ బ్లాకులు చేసే యూనిట్లు, సిమెంటు పైపులు పోసేటోళ్లు ఉన్నరు, స్లాబు దాకా పోకుండ ముందు ఈ చిన్న సరుకుతో మొదలుపెట్టొచ్చు. సిమెంటులో 10 శాతం బదులు నూరిన ఊక బూడిద వేసి, నీళ్లు పెరగకుండ ప్లాస్టిసైజర్ అనే మందు కలిపి, ఒకే రోజు బూడిద లేని క్యూబులు (బలం చూడ్డానికి పోసే కాంక్రీటు దిమ్మెలు), బూడిద ఉన్న క్యూబులు పక్కపక్కన పోసి, 7 రోజులకు, 28 రోజులకు, 90 రోజులకు పగలగొట్టి చూడాలె. ఆ పగలగొట్టే రోజు మేస్త్రీలను కూడా పిలిచి అక్కడ నిలబెట్టాలె.